ఓపియాయిడ్ వద్దంటే సరిపోదు, ఆ రాత్రికి వేరే ఏర్పాటు ఉండాలి

ప్రశ్న:

ఉత్తరం రాసినావిడకు 52 ఏళ్లు, బరువు 54 కిలోలు. కుడి భుజంలో రొటేటర్ కఫ్ టెండన్ (భుజాన్ని కదిపే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) చిరిగింది. ఇంకో 12 రోజుల్లో ఆర్థ్రోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, దాన్ని కుట్టబోతున్నారు. పొద్దున చేరితే సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. ఆవిడ భయం ఆపరేషన్ గురించి కాదు, ఆ తర్వాతి వారం గురించి.

మూడేళ్ల కిందట మణికట్టు విరిగి ప్లేటు వేసినప్పుడు చేతికి బ్లాక్ (నరాన్ని మొద్దుబార్చే ఇంజక్షన్) ఇచ్చారు. సాయంత్రం దాకా ఆ చెయ్యి తనది కానట్టే ఉంది. మాత్రలేమీ వేసుకోకుండా హాయిగా పడుకున్నారు. రాత్రి 2 గంటలకు మెలకువ వచ్చేసరికి "ఎముకను రంపంతో కోస్తున్నట్టు" ఉందట. ఆ దెబ్బకు బెదిరిపోయి, ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన మాత్రలు మూడు వారాలు రోజూ వేసుకున్నారు. వికారం, కళ్లు తిరగడం, అయిదేసి రోజులు విరేచనం కాకపోవడం. విసుగొచ్చి ఒక్కసారిగా ఆపేస్తే రెండో రోజు నుంచి నిద్ర లేదు, ముక్కు కారడం, చెమటలు, కాళ్లు ఒకచోట నిలవకపోవడం. "అంటే నేనూ మా తమ్ముడిలా అలవాటు పడిపోయానా?" అని ఇప్పటికీ మనసులో ముల్లు. తమ్ముడు ఒక యాక్సిడెంట్ తర్వాత నొప్పి మాత్రలకు బానిసై, రెండేళ్లు కష్టపడి బయటపడ్డాడు. ఈసారి మొదటి వారం సాయానికి ఇంటికి వస్తున్నది అతనే.

ఇప్పుడు ముందుగానే రాసిచ్చిన చీటీలో మూడున్నాయి. ట్రమడాల్ కాంబినేషన్ మాత్రలు 20, సెలెకాక్సిబ్ 200 రోజుకు రెండుసార్లు 10 రోజులు, పారాసిటమాల్ 650 "నొప్పి ఉంటే". ఆవిడ బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటారు. నిరుడు ఆందోళనకు ఎసిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు మొదలైంది. ఆ సంగతి సర్జన్‌కు చెప్పారో లేదో గుర్తులేదు. ఆవిడ భర్తేమో "నొప్పి ఓర్చుకుంటే పతకం ఇస్తారా, వేసేసుకో" అంటున్నారని రాశారు. ఓపియాయిడ్ (అలవాటు పడే ప్రమాదమున్న బలమైన నొప్పి మందు, ట్రమడాల్ ఆ జాతిదే) ఒక్కటి కూడా వద్దని డాక్టరుకు చెప్పేయాలా, అది మొండితనం అవుతుందా అన్నది ప్రశ్న.

సమాధానం:

ముందు ఆ ముల్లు సంగతి చూద్దాం. మూడు వారాలు రోజూ వేసుకున్న ట్రమడాల్‌ను ఒక్కసారిగా ఆపితే మీకు వచ్చిన లక్షణాలే వస్తాయి. శరీరం ఆ మందుకు సర్దుకుంది, అది లేకపోయేసరికి తిరగబడింది. వ్యసనం వేరు: నొప్పి లేకపోయినా మాత్ర కోసం వెతకడం, దాచడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం. మీరు ఆపారు, మళ్లీ ముట్టుకోలేదు. రెండు వారాలు దాటి వాడినప్పుడు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపాలని అప్పుడు మీకెవరూ చెప్పలేదు, అంతే. అయితే తోడబుట్టినవాళ్లలో ఈ సమస్య ఉండటం మీ విషయంలోనూ లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతే. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరుకు అది దాచకుండా చెప్పండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరమంతా "ఓపియాయిడ్ వేసుకోవాలా, మానాలా" అన్న దాని చుట్టూ తిరిగింది. పోయినసారి మిమ్మల్ని దెబ్బతీసింది ట్రమడాల్ కాదు, అర్ధరాత్రి 2 గంటలు. బ్లాక్ దిగిపోయే సమయానికి మీ ఒంట్లో ఒక్క నొప్పి మందు కూడా లేదు. నొప్పి తారస్థాయికి చేరాక వేసుకున్న మాత్ర పనిచేయడానికి 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. ఆ గంటలో పుట్టిన భయమే మూడు వారాల మాత్రలకు దారితీసింది. ఆ గంట రాకుండా చూసుకుంటే ఓపియాయిడ్ ప్రశ్న చాలావరకు చిన్నదైపోతుంది.

భుజానికి మెడ పక్కన ఇచ్చే బ్లాక్ ఒక్క ఇంజక్షన్‌తో మామూలుగా 12 నుంచి 18 గంటలు, కొందరికి 24 గంటల దాకా ఉంటుంది. ఉదయం 9:30కి ఇచ్చారనుకుందాం. అది రాత్రి 9:30 తర్వాత ఎప్పుడైనా, ఎక్కువగా నడిరాత్రి దాటాక దిగుతుంది. వేళ్లలో చీమలు పాకినట్టు ఉండటం, వేళ్లు కదలడం దిగుతోందనడానికి గుర్తు. దిగాక కొన్ని గంటలు నొప్పి ఉన్నదానికంటే ఎక్కువగా ఎగిసి, మళ్లీ తగ్గుతుంది. దీన్ని రీబౌండ్ నొప్పి అంటారు. ఆపరేషన్ చెడిపోయిందనడానికి గుర్తు కాదది.

అందుకని పారాసిటమాల్‌ను "నొప్పి ఉంటే" అన్న వరుసలోంచి తీసి గడియారం వరుసలో పెట్టమని అడగండి. ఆసుపత్రిలోనే మధ్యాహ్నం 2కి 650 మిల్లీగ్రాములు, రాత్రి 8కి, అలారం పెట్టుకుని రాత్రి 2కి, ఉదయం 8కి. చెయ్యి మొద్దుబారి ఏమీ తెలియకపోయినా సరే. రోజుకు 2600 మిల్లీగ్రాములవుతుంది. కాలేయం బాగున్న పెద్దవాళ్లకు పైహద్దు 4000, సన్నగా ఉన్నవాళ్లకు చాలామంది డాక్టర్లు 3000 దగ్గరే ఆపుతారు. అయిదు రోజులు ఇలాగే. ఇంత మామూలు మాత్ర ఏం చేస్తుందని అనిపిస్తుంది. విడిగా వేసుకుంటే నిజంగానే పెద్దగా చేయదు. వేళ తప్పకుండా పడుతూ, పక్కన ఇంకో రకం మందు ఉంటే తేడా తెలుస్తుంది.

ఇక్కడే మీ చీటీలో ఒక గుంట ఉంది. ట్రమడాల్ కాంబినేషన్ మాత్రలో ఉండేది సాధారణంగా ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు. ఒకటి చాల్లేదని రెండేసి చొప్పున రోజుకు నాలుగుసార్లు వేసుకుంటే అందులోంచే 2600 పారాసిటమాల్ వస్తుంది. పైన విడిగా వేసుకునే 2600 కలిపితే 5200. హద్దు ఎక్కడో వెనక ఉండిపోతుంది. జలుబు మాత్రల్లో, జ్వరం మాత్రల్లో ఉండే పారాసిటమాల్ కూడా ఇదే ఖాతాలోకి వస్తుంది.

రెండో గుంట ఇంకా లోతు. ట్రమడాల్ ఓపియాయిడ్ పనితో పాటు మెదడులో సిరోటోనిన్ అనే రసాయనాన్నీ పెంచుతుంది. ఎసిటలోప్రామ్ చేసేదీ అదే. రెండూ కలిస్తే కొందరిలో వణుకు, విపరీతమైన చెమట, కండరాలు అదరడం, గుండె దడ, విరేచనాలు, జ్వరం, మనిషి స్థిమితం తప్పడం వస్తాయి. ఫిట్స్ వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. అందరికీ వస్తుందని కాదు, రెండూ కలిపి వాడి ఏమీ కానివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ పోయినసారి ట్రమడాల్ పడని మీకు, ఇప్పుడు ఎసిటలోప్రామ్ మీద ఉండగా మళ్లీ అదే మాత్ర ఎందుకన్నది డాక్టరును తప్పక అడగాల్సిన ప్రశ్న. ఓపియాయిడ్ ఉంచాల్సి వస్తే సిరోటోనిన్ జోలికి అంతగా పోనిది, ఉదాహరణకు తక్కువ మోతాదు మార్ఫిన్ లాంటిది, విడి మాత్రగా ఇవ్వగలరేమో అడగండి. విడి మాత్ర అయితే పారాసిటమాల్ లెక్కా చెడదు. ఇదంతా చదివి ఎసిటలోప్రామ్‌ను మీ అంతట మీరు ఆపకండి. దాన్ని హఠాత్తుగా ఆపినా ఒళ్లు తిరగబడుతుంది, ఆపరేషన్ వారంలో అది అసలు వద్దు.

సెలెకాక్సిబ్ దగ్గర నాకు ఖచ్చితమైన జవాబు లేదు, ఎందుకంటే అది మీ కిడ్నీ పరీక్ష మీద ఆధారపడి ఉంది. ఆపరేషన్ చోట వాపును తగ్గించే ఈ జాతి మందులు పారాసిటమాల్‌కు సరైన జోడీ. భుజం నొప్పికి ఓపియాయిడ్‌ను తగ్గించేది ఎక్కువగా ఈ జోడీయే. కానీ టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ రెండూ వేసుకునేవాళ్లకు మూడోదిగా ఇది కలిస్తే కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది. ఆపరేషన్ ముందు ఉపవాసం, తర్వాత వాంతులు, నీళ్లు తాగకపోవడం తోడైతే దెబ్బ తగిలేది అప్పుడే. ఎసిటలోప్రామ్‌తో కలిసినప్పుడు కడుపులో రక్తస్రావం ప్రమాదం కూడా కొంత పెరుగుతుంది. పైగా కుట్టిన టెండన్ ఎముకకు అతుక్కోవడాన్ని ఈ మందులు నెమ్మదింపజేస్తాయేమోనని కొందరు సర్జన్లు మొదటి వారాల్లో వీటిని రాయరు. ఎక్కువగా జంతువుల మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చిన అనుమానమిది, కొద్ది రోజుల వాడకంతో మనుషుల్లో ఎంత తేడా వస్తుందన్నది ఇంకా తేలలేదు. మీ సర్జన్ రాశారు కాబట్టి ఆయనకు ఆ అభ్యంతరం లేదనుకోవాలి.

క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) మామూలుగా ఉంటే 10 రోజులకు బదులు 3 నుంచి 5 రోజులు వాడి ఆపడం ఒక దారి. నీళ్లు బాగా తాగాలి, రోజూ బీపీ చూసుకోవాలి, వాంతులవుతుంటే ఆ పూట సెలెకాక్సిబ్ మానేసి ఫోన్ చేయాలి. దాని మీద ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కలపకూడదు. గ్యాస్ మాత్ర రాస్తే పాంటోప్రజోల్ అయితే నయం, ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ మీ ఒంట్లో ఎసిటలోప్రామ్ స్థాయిని పెంచుతాయి. ఆపరేషన్ రోజు ఉదయం బీపీ మాత్ర వేసుకోవాలో వద్దో కూడా అడిగి రాసుకోండి, టెల్మిసార్టాన్ జాతి మందుల్ని చాలాచోట్ల ముందురోజు నుంచే ఆపమంటారు. క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే సెలెకాక్సిబ్ పక్కకు పోతుంది, అప్పుడు బరువంతా బ్లాక్ మీద, ఐస్ మీద, అవసరానికని ఉంచుకున్న కొద్దిపాటి ఓపియాయిడ్ మాత్రల మీద పడుతుంది.

ఇప్పుడు మీరడిగిన దానికి వస్తాను. ఒక్క ఓపియాయిడ్ కూడా లేకుండా గడపవచ్చా? గడపవచ్చు. భుజం ఆర్థ్రోస్కోపీ తర్వాత ఓపియాయిడ్ లేని మందులతో పంపినవాళ్లను, ఓపియాయిడ్ ఇచ్చినవాళ్లతో పోల్చి చూసిన పరిశోధనల్లో మొదటివాళ్లు నొప్పి విషయంలో వెనకబడలేదు. కానీ వాళ్లు వాడినవాటిలో వాపు తగ్గించే మందులు ఉన్నాయి. మీ కిడ్నీ పరీక్ష వాటిని కాదంటే ఆ ఫలితం మీకు యథాతథంగా వర్తించదు. ఇంట్లో ఒక్కటీ లేకుండా ఉండి, మొదటి రెండు రాత్రుల్లో ఏర్పాటంతా విఫలమైతే మీకు మిగిలేది ఎమర్జెన్సీకి వెళ్లడం, లేదా ఎవరి దగ్గరో మిగిలిన మాత్రలు అడగడం. తమ్ముడు ఉన్న ఇంట్లో రెండోది ఆలోచించడానికే బాగాలేదు.

మీవారు చెప్పిన దారి, అంటే మొదటి నుంచీ వేళకు ఓపియాయిడ్ వేసేసుకోవడం, మొదటి రెండు రోజులు సుఖంగా ఉంటుంది. ఆపైన మీకు తెలిసిన కథే: వికారంతో తిండి సరిగా పోదు, మలబద్ధకం, మగతలో చేతిని మోసే స్లింగ్ జారినా తెలియదు. అమెరికాలో 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, అంతకుముందు ఓపియాయిడ్ వాడనివాళ్లలో సుమారు 6 శాతం మంది ఆపరేషన్ అయిన మూడు నెలల తర్వాత కూడా వాటిని కొనసాగించారు. పెద్ద ఆపరేషన్‌కూ చిన్నదానికీ ఆ శాతంలో పెద్ద తేడా లేదు. అంటే కొనసాగడానికి కారణం గాయం తీవ్రత ఒక్కటే కాదన్నమాట. ఆందోళన, పొగతాగడం, ముందునుంచీ ఉన్న నొప్పులు అక్కడ లెక్కకొచ్చాయి.

నాకు మధ్యదారి నచ్చుతుంది. 20 కాంబినేషన్ మాత్రలకు బదులు 6 నుంచి 8 విడి మాత్రలు, వాడటానికి షరతు, ఆపడానికి తేదీ. షరతు ఏమిటంటే: వేళకు పడాల్సిన మందులు పడ్డాయి, ఐస్ పెట్టారు, పడుకునే తీరు సరిచేసుకున్నారు, గంట గడిచింది, అయినా నిద్ర పట్టడం లేదు. అప్పుడు ఒకటి. నొప్పి సున్నా కావాలని చూడకండి, వరసగా మూడు నాలుగు గంటలు నిద్రపోగలగడం, నిండుగా ఊపిరి తీసుకోగలగడం, వేళ్లూ మోచెయ్యీ కదపగలగడం చాలు. తేదీ మూడో రాత్రి. నొప్పి మామూలుగా రెండు మూడు రోజుల్లో పతాకస్థాయికి చేరి దిగుతుంది. మొదటి ఓపియాయిడ్ మాత్ర మింగిన రాత్రే విరేచనానికి సెన్నా లేదా బిసాకోడిల్ కూడా మొదలుపెట్టండి. విరేచనం ఆగిపోయాక మొదలుపెడితే నాలుగు రోజులు ఆలస్యమైనట్టే. చెయ్యి ఇంకా మొద్దుగా ఉండగా ముందుజాగ్రత్తకని ఓపియాయిడ్ మాత్రం వేసుకోకండి. మెడ బ్లాక్ వల్ల ఆ వైపు డయాఫ్రమ్ (ఊపిరి తీసుకునే కండరం) కొన్ని గంటలు బలహీనపడి, వెల్లకిలా పడుకుంటే ఊపిరి చాలనట్టు ఉండొచ్చు. దాని మీద మత్తు తోడవడం మంచిది కాదు. గురక గట్టిగా పెట్టేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. నిద్రమాత్రలు, మద్యం అసలు కలపకూడదు. కొందరు ప్రిగాబలిన్, గాబాపెంటిన్ అనే నరాల నొప్పి మందులు కూడా జోడిస్తారు. అవి ఓపియాయిడ్‌తో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో హెచ్చరించింది.

ఇంకో దారి ఉంది, అది మీ ఆసుపత్రిలో ఉందో లేదో అడగాలి. ఒక్క ఇంజక్షన్‌కు బదులు నరం పక్కన సన్నటి గొట్టం ఉంచి, చిన్న పంపుతో రెండు మూడు రోజులు మందు చుక్కలుగా పోయేలా చేస్తారు. రాత్రి 2 గంటల సమస్యకు అంతకంటే మంచి విరుగుడు లేదు. బదులుగా గొట్టం జారిపోవడం, అంటించిన చోట మందు కారడం, ఊపిరి కొద్దిగా తగ్గినట్టు ఉండటం భరించాలి. పంపు నడుస్తుండగా నోటి చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు అనిపిస్తే క్లిప్ వేసి ఆపి వెంటనే ఫోన్ చేయాలి. గొట్టం కుదరకపోతే బ్లాక్ మందులో డెక్సామెథాసోన్ కలిపి కొన్ని గంటలు పొడిగించగలరేమో అడగండి. బ్లాక్ ఉన్నంతసేపు ఆ వైపు కనురెప్ప వాలడం, గొంతు బొంగురుపోవడం చూసి హడలిపోకండి, మందుతో పాటే పోతాయవి.

మందులతో పాటు భుజానికి మేలు చేసేది పడుకునే తీరు. చదునుగా పడుకుంటే మోచెయ్యి బరువుకు వెనక్కి వాలి, కుట్టిన టెండన్‌ను లాగుతుంది. రాత్రి నొప్పిని ఆ లాగుడు పెంచుతుంది. 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలుగా వీపు ఆనించండి. మోచేతి కింద, ముంజేతి పొడవునా ఒక దిండు పెట్టండి. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక: తల తిప్పకుండా, కళ్లు దించితే మీ మోచెయ్యి మీకు కనిపించాలి. కనిపించలేదంటే వెనక్కి పోయింది, దిండు మందం పెంచండి. ఆపరేషన్ ముందు నాలుగు రాత్రులు ఇలా పడుకుని అలవాటు చేసుకోండి. ఆ రాత్రే మొదటిసారి ప్రయత్నిస్తే ఎవరికీ కుదరదు. స్లింగ్ పట్టీ మెడ మీద నొక్కుకుంటే నొప్పి మెడలోకి పాకి, భుజం నొప్పిగా లెక్కలో పడుతుంది. పట్టీ కింద మెత్తటి గుడ్డ మడత పెట్టించండి.

ఐస్ ఒకసారికి 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో గంట గంటన్నర విరామం, చర్మానికీ ఐస్‌కీ మధ్య గుడ్డ. చెయ్యి మొద్దుగా ఉన్నప్పుడు చలి కొరికినా తెలియదు కాబట్టి పెట్టిన ప్రతిసారీ తమ్ముణ్ని చర్మం రంగు చూడమనండి. మొదటి రోజు కట్టు మందంగా ఉండి చలి లోపలికి దిగదు, కట్టు మార్చాక అసలు ఉపయోగం తెలుస్తుంది. ఆర్థ్రోస్కోపీలో నీటితో జాయింట్‌ను ఉబ్బిస్తారు కనుక మొదటి రోజో రెండు రోజులో పలచటి గులాబీ రంగు నీరు కట్టును తడపడం మామూలే. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి కదిపే వ్యాయామాలు మాత్ర వేసుకున్న 45 నిమిషాల తర్వాత చేస్తే సాగుతాయి. భుజాన్ని ఎప్పుడు, ఎంత కదపాలన్నది మీ సర్జన్ చెప్పినదే.

వీటికి మాత్రం మాత్రలు పెంచుకుంటూ కూర్చోకూడదు: మూడో రోజు తర్వాత తగ్గాల్సిన నొప్పి పెరగడం, 38 డిగ్రీల సెల్సియస్ పైన జ్వరం, చీము, వేళ్లు నీలంగా చల్లగా అవడం, 48 గంటలు దాటినా మొద్దుదనం వదలకపోవడం, చెయ్యి రాయిలా బిగుసుకోవడం. వెంటనే ఫోన్ చేయండి. ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఎంత లేపినా మనిషి సరిగా లేవకపోయినా ఫోన్ కాదు, అంబులెన్సే.

తమ్ముడి సంగతి. మాత్రలు రహస్యంగా దాచి, అతను చూస్తాడేమోనని మీరు కంగారుపడుతూ ఉండటం ఇద్దరికీ అవమానమే. వచ్చేముందే ఫోన్‌లో చెప్పండి: "ఇంట్లో ఓపియాయిడ్ మాత్రలు ఎనిమిదే ఉంటాయి, తాళం మీ బావ దగ్గర ఉంటుంది, నువ్వు ఇబ్బంది పడకూడదని." రెండేళ్లు పోరాడి బయటపడినవాడికి ఆ తాళం ఎందుకో మీకంటే బాగా తెలుసు. వద్దనుకుంటే రానని చెప్పే అవకాశమూ అతనికి ఉంటుంది. అతను రాకపోతే అలారానికి లేచి మందిచ్చే మనిషిని ఇంకొకరిని చూసుకోవాలి. కుడి చెయ్యి స్లింగ్‌లో ఉన్న మీరు అర్ధరాత్రి సీసా మూత తిప్పలేరు. వాడినవి, మిగిలినవి లెక్క కాగితం మీద ఉండనివ్వండి. నాలుగో రోజు మిగిలినవి మందులు వెనక్కి తీసుకునే చోట ఇచ్చేయండి. అలాంటిది లేకపోతే తినడానికి పనికిరాని చెత్తలో కలిపి, మూసిన సంచిలో పారేయండి. "ఎప్పటికైనా పనికొస్తాయి" అని అలమారలో పెట్టినవే తర్వాత తలనొప్పికి, నిద్రకు బయటికొస్తాయి.

ఫోన్ మాత్రం రేపే చేయండి, ఆపరేషన్ రోజు దాకా ఆగకండి. సర్జన్‌కు ఎసిటలోప్రామ్ గురించి, ట్రమడాల్ మార్చడం గురించి, క్రియాటినిన్ గురించి. మత్తు డాక్టరుతో విడిగా మాట్లాడాలని అడిగి, బ్లాక్ ఎన్ని గంటలు, గొట్టం కుదురుతుందా, రాత్రి 2 గంటలకు ఇబ్బంది వస్తే ఏ నంబరుకు చేయాలి అని. డిశ్చార్జ్ సమయానికి మీరు మగతలో ఉంటారు, నర్సు హడావిడిలో ఉంటుంది, చీటీ పాతదే చేతికి వస్తుంది.